పేరు ముందరి మాట

గంట చూడాలమ్మా, గంట దాటితే ఇక భయం లేదు అని చెప్పి ఆ కుర్ర డాక్టరు తలుపు మూసుకునేసరికి గోడ గడియారంలో పదకొండూ పది. గంట అంటే కోహెడలో బస్సెక్కి సిద్దిపేటలో దిగేంత సేపు, అంతే కదా, కిటికీ పక్క సీటు దొరికితే ఒక కునుకు తీసేంత సేపు, కానీ ఆ గంటలోనే మనిషి పోనూ వచ్చు, పోవడం అన్న మాట మనసులోకి రాగానే అమృతమ్మ పటపటా చెంపలు వేసుకుంది, పక్క కుర్చీలో ముసలాయన తిరిగి చూస్తే చూడనీ. తలుపుకు పైన అద్దం బిళ్ల ఉంది, దానికి లోపలి నుంచి తెర కట్టారు. ఎందుకు కట్టాలి తెర? కన్నతల్లి చూస్తే లోపలున్నవాడు అరిగిపోతాడా? లోపలున్నవాడు చిరంజీవి, ఇరవై నాలుగేళ్ల కొడుకు, వరికోత మిషను నడిపేవాడు. మొన్న ఆ మిషను బ్లేడే పిక్కను చీరితే ఇంత పసుపు అద్ది గుడ్డ కట్టుకుని మళ్లీ మిషనెక్కాడు. రాత్రికి జ్వరం, తెల్లారేసరికి కాలు బూరెలా పొంగింది. హుస్నాబాద్ దగ్గరే కదా అని మొగుడు నర్సింహ అంటే వినకుండా సిద్దిపేటకే తెచ్చింది, ఈ దవాఖానకే తెచ్చింది, కూతురు పనిచేసే దవాఖాన కదా, మన పిల్ల ఉంది కదా అని. అదీ తను చేసిన తప్పు. కాదు, అది కాదు తప్పు. మందుల కౌంటర్ దగ్గర లైన్లో నిలబడటానికి కిందికి పోయింది చూడు, అదీ తప్పు, పావుగంట, పావుగంట వాణ్ని వదిలి పోయింది, అంతలోనే ఆ నర్సు పిల్ల సీసాలో ఇంత తెల్లమందు కలిపి వేలాడదీసింది.

మెట్లెక్కి వచ్చేసరికి సగం పోయి ఉంది సీసా. చిరంజీవి మెడ గోక్కుంటున్నాడు. మెడ మీద చిక్కుడుగింజలంత దద్దుర్లు, చూస్తుండగానే ఒకటి ఇంకొకదానిలో కలిసిపోయి, పెదవులు ఉబ్బి, వాడి మొహం వాడిది కాకుండా పోయి. ఈ మొహం ఆమెకు తెలుసు. పదిహేడేళ్ల కింద ఒకసారి చూసింది. "ఏం కలిపినవే అండ్ల?" అని అరిస్తే, వర్షిత అని బొడ్డు మీద బిళ్ల వేలాడేసుకున్న ఆ నర్సు పిల్ల, "యాంటిబయాటిక్ అమ్మా, పుండుకు" అంది. "పెన్సిలినా?" "ఆ జాతిదే." ఆ తర్వాత ఏం చేసిందో అమృతమ్మకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది, గొట్టాన్ని రెండుగా మడిచి పిడికిట్లో బిగించి పట్టుకుంది, వదలమంటే వదల్లేదు, వార్డు మొత్తం లేచి నిలబడేలా కూత పెట్టింది, డాక్టరు పరుగెత్తుకొచ్చి తొడలో ఇంకో సూది పొడిచాడు, మంచాన్ని చక్రాల మీద దొర్లించుకుంటూ ఈ తలుపు వెనక్కి తీసుకుపోయారు. నర్సు పిల్ల ఆమె వెంటే ఏడుస్తూ నడిచింది. "అమ్మా, నీ కాళ్లు మొక్కుత, కంప్యూటర్ల చూసినంకనే ఇచ్చిన. ఎలర్జీ ఏం లేదని పచ్చగ చూపిస్తుంది. అన్నను సుత అడిగిన. ఏమో, మా అమ్మకు ఎరుక అన్నడు."

పచ్చగా! పచ్చగా చూపిస్తుందట. ఆడబిడ్డల ఒడినిండా బియ్యం పోసి పచ్చగా ఉండమని దీవిస్తారు, నా కొడుకు పచ్చగా ఉండాలని ఎన్ని గుళ్లలో ముడుపులు కట్టింది, ఇదిగో ఈ పెట్టెలో పచ్చ వెలిగింది, చాలదూ? ఆ వెధవకు మాత్రం ఏమొచ్చింది, మీసాలొచ్చాయి, మిషను నడుపుతాడు, తన ఒంటికి ఏది పడదో తను చెప్పుకోలేడా, మా అమ్మకు ఎరుక. అమ్మ మందుల కౌంటర్ దగ్గర నిలబడి ఉంది కదరా, అమ్మ ఎరుకంతా అక్కడ లైన్లో నిలబడి ఉంది. కానీ వాణ్ని తిట్టడానికి నోరు రాదు. వాడికి చెప్పే అవసరం ఎప్పుడు రానిచ్చింది? బడిలో వేసిననాడు పంతులుకు చెప్పింది. హాస్టల్లో వార్డెనుకు చెప్పింది. ఇంట్లో బీరువా తలుపు లోపలి వైపు సుద్దతో రాసింది, చెరిగితే మళ్లీ రాసింది. నిరుడు పిల్లను చూడటానికి అక్కన్నపేట పోతే, చాయ్ ఇంకా చల్లారలేదు, పిల్ల తల్లిని పక్కకు పిలిచి "మా పిలగానికి పెన్సిలిన్ పడదు వదినె, యాదికుంచుకో" అంది. వాళ్లు ఆ సంబంధం వద్దనుకున్నారు, పిల్లవాడికి ఏదో రోగముందని. అనుకోనీ. ఒక్కచోటే కదా చెప్పడం మానేసింది, ఈ దవాఖానలో. ఎందుకు మానేసింది? కూతురు మానేయమంది కాబట్టి.

పదకొండూ ఇరవై. పెద్ద ముల్లు కదలదేం? తెర సందులోంచి ఒక తెల్ల కోటు అటు నుంచి ఇటు పోయింది, పరుగెత్తడం లేదు, పరుగెత్తకపోతే మంచిదా చెడ్డదా? చేసేది అయిపోయింది కాబట్టి పరుగెత్తడం లేదేమో. థూ, పాడు నోరు, పాడు బుద్ధి. వాడికి ఏడేళ్లప్పుడు కూడా ఇలాగే తలుపు బయట కూర్చుంది. గొంతులో గడ్డలు లేచాయని ఊళ్లో ఆరెంపీ దుబ్బయ్య సూది వేశాడు, ఇంటికొచ్చేలోపే పిల్లవాడు నీలంగా మారాడు. నర్సింహ అప్పుడే తాటిచెట్టెక్కి ఉన్నాడు, కిందినుంచి అరిస్తే కల్లు కుండ అక్కడే వదిలేసి జారుకుంటూ దిగాడు, రొమ్మంతా చెక్కుకుపోయింది, ఆ రొమ్ముకే పిల్లవాణ్ని హత్తుకుని ట్రాలీ ఆటోలో సిద్దిపేట తెచ్చారు. ఈ దవాఖానలోనే రాంచందర్ డాక్టరు బతికించాడు. ఏం పేరమ్మా పిల్లవాడికి అని అడిగితే, చిరంజీవి అంది. వాడికి ముందు ఇద్దరు నిలవలేదు, కూతురు వందన ఒక్కతే నిలిచింది, అందుకే వీడు పురుటి మంచంలో ఉండగానే ఆ పేరు పెట్టింది, పిలిచినప్పుడల్లా దీవించినట్టు ఉంటుందని. అన్నానికి పిలిచినా దీవెనే, తిట్టినా దీవెనే. డాక్టరు నవ్వి, బాగానే కాచిందమ్మా నీ పేరు అని, దవాఖాన చీటీ అట్ట మీద తన చేత్తో రాశాడు. పైన నల్ల సిరాతో చిరంజీవి, దాని పక్కనే తండ్రి పేరు నర్సింహ, ఊరు కోహెడ, వయసు ఏడు. కింద ఎర్ర సిరాతో, బొటనవేలంత అక్షరాలతో, పెన్సిలిన్ ఇవ్వకూడదు. గీత మీద గీత, రెండు గీతలు. ఏడో తరగతి దాకా చదివింది అమృతమ్మ, ఆ చదువంతా ఆ రెండు మాటలు చదువుకోవడానికే పనికొచ్చిందని అప్పుడనుకుంది. పదిహేనేళ్లు ఆ అట్టను యూరియా సంచి కవర్లో చుట్టి బట్టల పెట్టె అడుగున పెట్టింది. వానకు ఇల్లు కురిసిన ఏడు బియ్యం తడిశాయి కానీ అట్ట తడవలేదు.

అది తీసుకుపోయింది వందన. తీసుకుపోయింది కాదు, తనే పెట్టె తెరిచి చేతికిచ్చింది. రెండేళ్ల కింద ఈ దవాఖానలో కాగితాలన్నీ తీసేసి కంప్యూటర్లోకి ఎక్కించే పని మొత్తం వందన మీద పెట్టారు, ఆరుగురు పిల్లలు ఆమె చేతి కింద. చిన్న పనా అది? నర్సమ్మలు టైపు చెయ్యలేక ఏడిస్తే పక్కన కూర్చుని వేలు పట్టి నేర్పింది. రాంచందర్ డాక్టరు, ముసలాయన, కంప్యూటర్ వైపు వీపు పెట్టి కూర్చుని, నా రాత మందుల షాపువాడికి అర్థమవుతోంది, నీకేమమ్మా బాధ అంటే, ఆయనకు కోపం తగ్గేదాకా చాయ్ మీద చాయ్ తాగిస్తూ వారం రోజులు తిరిగి ఒప్పించింది. రేపు ఎలా మాట్లాడాలో వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ తల్లి ముందే చెప్పుకుని చూసుకునేది. "కాయితం చినుగుతది. కాయితం తడుస్తది. కాయితానికి చెద పడుతది. కంప్యూటర్ల రాసింది ఏడికి పోదు." అమృతమ్మ ఎంత మురిసింది! వర్గల్ గుడిలో సరస్వతమ్మ ముందు బియ్యంలో ఆ చిన్న వేలు పట్టి ఓనమాలు దిద్దించిన పిల్ల, ఇప్పుడు డాక్టర్లకే దిద్దిస్తోంది. మొదటి ఫైలు మా తమ్మునిదే ఎక్కిస్తమ్మా, అందరికి సూపెడ్త, ఎర్రగీత ఎట్ల మెరుస్తదో సూడు, అంటే కవరు విప్పి ఇచ్చింది. మళ్లీ ఇస్తావా అంటే, ఇగ నీకెందుకే కాయితం, అంది. ఇక నీకెందుకు. నాకెందుకా? నాకెందుకా! ఆ కాగితం నా దగ్గర ఉంటే ఆ పిల్ల నర్సు మొహాన కొట్టి చూపించేదాన్ని కదే. చెద పట్టలేదే నా కాగితానికి. పదిహేనేళ్లు పట్టలేదు. మీ కంప్యూటర్‌కు రెండేళ్లకే పట్టింది.

ఇంకా రాలేదేం ఈ పిల్ల? రెండో అంతస్తులోనే ఉంది, ఎవరికో కొత్త నర్సులకు నేర్పుతోంది. గొట్టం పిడికిట్లో పట్టుకుని రెండో చేత్తో ఫోను చేస్తే కట్ చేసింది. మీటింగట. తమ్ముడి గొంతు మూసుకుపోతుంటే దీనికి మీటింగు. ఏం నేర్పుతున్నావే పైన, పచ్చ ఎలా వెలిగించాలో నేర్పుతున్నావా? రానీ. వస్తే ఏం చెయ్యాలి? ముందు ఒక్కటి పీకాలి, పెద్ద ఆఫీసరమ్మ కానీ ఎవరన్నా కానీ, అందరి ముందు పీకాలి, మెడలో ఆ బిళ్ల తెంచి పారెయ్యాలి. ఆ తర్వాత, ఆ తర్వాత చిరంజీవికి ఏమన్నా అయితే దీని మొహం ఈ జన్మలో... అయితే అన్న మాట మళ్లీ వచ్చింది. చెంపలు వేసుకుంటే ఈసారి నొప్పి తెలిసింది. పక్క ముసలాయన మెల్లగా, "నీళ్లు తాగు చెల్లె" అని సీసా జరిపాడు. తాగలేదు. లోపలున్నవాడి గొంతులోకి గుక్క దిగని పూట తను నీళ్లెలా తాగుతుంది.

పదకొండున్నరకు, నర్సు పిల్ల పైకి పోయి చెప్పినట్టుంది, మెట్ల మీద చెప్పులు టపటపలాడాయి. వందన. చంకలో కంప్యూటర్, మొహంలో నెత్తురు లేదు. వచ్చి తల్లి ముందు నిలబడింది, కూర్చోలేదు. కొట్టాలనుకున్న చెయ్యి ఎందుకో కుర్చీని వదల్లేదు. "ఏదే ఎర్రగీత?" అంది అమృతమ్మ. "మెరుస్తదంటివి కద, ఏది? సూపెట్టు." అరవలేదు, గొంతు అరుపును ఇందాకే వార్డులో ఖర్చు పెట్టేసింది. "ఉన్నదమ్మా" అంది వందన. "ఉన్నది. దొరికింది. కని తమ్ముని పేరు మీద లేదు." "మరెవని పేరు మీదుందే?" వందన తలుపు వైపు చూస్తూ, "నాయిన పేరు మీదున్నది" అంది.

నాయిన పేరు మీద. ఒక్క క్షణం అర్థం కాలేదు, తర్వాత చటుక్కున దసరాకు ముందటి మాట గుర్తొచ్చింది, నర్సింహ షుగర్ చూపించుకోవడానికి వచ్చి సాయంత్రం ఇంటికి పోయి పడీ పడీ నవ్వాడు. "కౌంటర్ కాడి పోరి అడుగుతది, తాతా నీకు పెన్సిలిన్ పడదటగద అని. నాకు ఉప్పుడుబియ్యం పడదు, నా పెండ్లాం సోపతి పడదు అన్న." అప్పుడు అమృతమ్మ కూడా నవ్వింది, వంకాయలు తరుగుతూ నవ్వింది. ముసలోడా, నీకు నా సోపతి పడదా అని కత్తిపీట చూపించి బెదిరించింది కూడా. నవ్వింది! రోజుకు పదిసార్లు ఉలిక్కిపడే మనిషి, కుక్కరు కూత ఆలస్యమైతే పేలిపోతుందేమోనని, బస్సు ఆలస్యమైతే బోల్తా కొట్టిందేమోనని, ఊరికే ఊరికే వణికే మనిషి, నిజంగా వణకాల్సిన ఒక్క మాట ఇంటికి నడిచొచ్చి పీట వేసుకుని కూర్చుంటే, నవ్వింది.

"ఎట్ల పోయిందే మీ నాయిన మీదికి?" అని అడిగింది, జవాబు వద్దని లోపల ఎవరో అంటుండగానే. వందన నేల వైపు చూస్తూ చెప్పింది. "అట్ట మీద చిరంజీవి నర్సింహ అని వరుసగ ఉండె గదమ్మా. పేరు ముందరి మాటలన్ని తీసెయ్యమని కంప్యూటర్‌కు చెప్పినం. అది ముందరి మాట తీసేసింది. ఎనక నర్సింహ మిగిలిండు. కోహెడ నర్సింహ అంటే నాయిననే ఉన్నడు. ఆయనకు కలిపేసింది. ఇయ్యాల తమ్ముడు వస్తే కొత్త మనిషి అనుకున్నది." కంప్యూటర్‌ను ఇంకో చంకలోకి మార్చుకుంది. "ఆ మాటల లిస్టు, నేనే రాసిన." ఇంకా ఏదో అనబోయి అనలేదు. అనకపోయినా అమృతమ్మకు వినపడింది. లిస్టు రాసింది వందన, చెప్పింది ఎవరు?

రెండేళ్ల కింద, ఒకనాడు అన్నాల వేళ. నలుగురూ కింద కూర్చుని తింటున్నారు. వందన పళ్లెం పక్కన నోటుబుక్కు. "కంప్యూటర్ల ఎనిమిది వందల మంది పేరు శ్రీమతే అయి కూసున్నదమ్మా, శ్రీ అనేటోళ్లు ఇంకింతమంది. మనోళ్లు పేరు ముందర ఇంక ఏమేం రాస్తరే?" తనే లేచింది, ఎంగిలి చెయ్యి కడుక్కుని మరీ లేచింది, గోడకు మేకుకు గుచ్చిన పెళ్లి కార్డుల కట్ట తీసుకొచ్చింది, తనకూ చదువొచ్చని, తన చదువూ దవాఖానకు పనికొస్తోందని. ఒక్కో కార్డూ తిప్పి, వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. శ్రీ, శ్రీమతి, కుమారి, కీర్తిశేషులు, చి.ల.సౌ., చి. "చి అంటే చిరంజీవే గద?" అని అడిగింది వందన. "ఆ, చిరంజీవే. కొందరు నిండుగ సుత రాస్తరు. అది సుత రాసుకో" అంది తను. రాసుకో అంది! పప్పులో చెయ్యి పెట్టి ఉన్న కొడుకు తలెత్తి, "ఏందక్కా, నన్ను సుత తీసేస్తున్నవా?" అన్నాడు. ఎంత నవ్వారు! నర్సింహకు పొలమారింది. "నిన్ను తీసేస్తే ఇంత బియ్యమన్న మిగులుతయి" అంది వందన. ఇద్దరు పోయాక దీవెనగా కట్టుకున్న పేరును, తన నోటితో, కార్డు మీద వేలు పెట్టి, ఇది పేరు కాదు, పేరు ముందరి మాట అని చెప్పింది.

పిచ్చి కోపం వచ్చింది. కూతురి మీద రాబోయి, మొగుడి మీద రాబోయి, ఎక్కడా నిలవక తిరిగి తన మీదికే వచ్చి, అక్కడా పట్టక పొంగింది. ఎవడు నేర్పాడు దానికి, ఆ పెట్టెకు, తీసెయ్యమంటే తీసెయ్యడం? ఇంట్లో పని మనిషి కిష్టవ్వకు పాత బట్టలు మూటకట్టి పారెయ్యమంటే, ఇది కొత్త చీరలా ఉందమ్మా, దీన్నీ పారెయ్యాలా అని అడుగుతుంది. ఊడ్చేది చీపురుతోనే అయినా కింద పడిన ముక్కుపుల్ల చూసి వంగుతుంది. ఇన్ని లక్షల పెట్టెకు వంగే నడుము లేదా? ఒక్కసారి, ఇదిగో ఇక్కడ ఎర్రగా రాసి ఉంది, ఈ ముసలాయనకు ఏడేళ్ల వయసేమిటని అడగలేదా? అడగదు. అడగడం అమ్మల పని. ఆ పనినే మాన్పించారు తన చేత, ఇగ నీకెందుకే అని.

"పైన మీ దవాఖాన పెద్దసారు ఏమంటుండు?" అని అడిగింది. వందన చేతిలో ఫోను అప్పటికే మూడోసారి వణుకుతోంది. "ఎవ్వలికి చెప్పకు, కూసొని మాట్లాడుదమంటుండు." "ఏం మాట్లాడుతడట?" వందన ఫోను వైపు చూసింది, ఇందాక తల్లి ఫోను కట్ చేసిన వేలితోనే దాన్ని కట్ చేసింది. తర్వాత, గోడకు ఆనుకుని, మెల్లగా కిందికి జారి, నేల మీద కూర్చుంది, చిన్నప్పుడు దెబ్బలు తిన్నాక కూర్చున్నట్టు. "అమ్మా, ఇంక డెబ్బై ఒక్కరున్నరు." "ఎవలు?" "చిరంజీవులు. పాత ఫైళ్ల మీద ఆ పేరున్నోళ్లు. అందరిది తండ్రి పేరుకు పోయింది. ఎవనికి ఏం రాసున్నదో."

పన్నెండుకు ఐదు నిమిషాలు. తలుపు తెరుచుకుంది. అమృతమ్మ ముందు డాక్టరు మొహం చూసింది, మొహంలో ఏమీ లేదు, వీళ్ల మొహాల్లో ఎప్పుడూ ఏమీ ఉండదు, అయిపోయింది, అయిపోయింది నా కొడుకు. "వాపు దిగిందమ్మా. ఇంకొక్క పదిహేను నిమిషాలు ఇక్కడే ఉంచుతా, రేపటిదాకా వార్డులో. రా, చూడు." తెర పక్కకు తోసి చూసింది. పెదవులు ఇంకా మందంగానే ఉన్నాయి, మెడ ఎర్రగా కందిపోయి ఉంది, కానీ ఆ మొహం వాడిదే, పుట్టినప్పటి నుంచీ చూసిన మొహమే. కళ్లు తెరిచి, "అమ్మా, గొట్టం పట్టుకొని గంత గట్టిగ ఒర్రితివి, నా ఇజ్జత్ తీస్తివి" అన్నాడు, మాట ముద్దముద్దగా. అప్పుడు వచ్చింది ఏడుపు. ఏడుస్తూనే వాడి భుజం మీద ఒక్కటి వేసింది, కూతురికి వెయ్యాల్సిన దెబ్బ. "చెప్పనీకి నోరు లేదారా నీకు? అమ్మకు ఎరుకనట. చెప్పు ఇప్పుడు, నీకేం పడదు?" "పెన్సిలిన్." "మల్ల చెప్పు." "పెన్సిలిన్ పడదమ్మా." మూడోసారి కూడా చెప్పించుకుని బయటికి వచ్చింది.

వందన నేల మీదే ఉంది, ఒళ్లో కంప్యూటర్ తెరిచి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని. "హలో మేడం, మేము హాస్పిటల్ రికార్డ్స్ సెక్షన్ నుంచి కాల్ చేస్తున్నాం, మీ అబ్బాయి డేటాలో చిన్న మిస్‌మ్యాచ్..." అటువైపు ఎవరో ఏంది, ఎవలు, ఏ సెక్షను అంటున్నారు, ఫోను బయటికి వినపడేంత గట్టిగా, బెదిరిపోయిన గొంతుతో. ఆ గొంతు అమృతమ్మకు తెలుసు. అది పెట్టె అడుగున ఏదో దాచుకున్న గొంతు. చిన్న మిస్‌మ్యాచట! కోపం తగ్గలేదు, తగ్గదు, ఈ జన్మకు దీన్ని క్షమించదు, తనను తాను అసలే క్షమించుకోదు. వంగి కూతురి చెవి దగ్గర నుంచి ఫోను గుంజుకుంది. "చదువుకున్నోళ్ల లెక్క మాట్లాడితే తల్లికేం సమజైతదే, తే ఇటు. ఏ ఊరు?" "అక్కన్నపేట" అంది వందన. నేల మీద కూతురి పక్కనే కూలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుని, గొంతు సరిచేసుకుంది అమృతమ్మ.

"అవ్వా, భయపడకు, నీ కొడుకు మంచిగున్నడు. నేను కోహెడ అమృతమ్మను, నీ అసొంటి తల్లినే. ఒక్కటి అడుగుత, సక్కగ చెప్పు. నీ కొడుకుకు ఏ మందన్న పడదా? ఆ, చిన్నోడే, చిరంజీవి. కాదు కాదు, దీవించుడు కాదవ్వా. పేరు. పేరు ముందరి మాట కాదు, పేరే అడుగుతున్న."